ఆరియోమైసిన్ కథ: మందుకు లొంగని క్రిములు

విశాఖపట్టణములో రైలుమార్గము చెంతనున్న పాత పేటలలో కంచరపాలెము ఒకటి. పేరునుబట్టి చూచినచో ఒకప్పుడు కంచు, ఇత్తడి పనివారు కాపురమున్న పల్లెయేమో అని తోచును. నేడక్కడ రేవులోను, రైల్వేలోను, కర్మాగారములలోను పనిచేయువారి ఇండ్లు ఎక్కువ. ఒక సాయంకాలము కంచరపాలెము మెట్టు దగ్గర ఒక మందుల దుకాణము ముందు నేను నిలుచుండగా ఒక ముసలమ్మ వచ్చినది. "మా వోడికి మళ్లీ ఒళ్లు కాలిపోతంది, రేపు డూటీకెళ్లాల. మొన్నిచ్చిన బిళ్లలే రెండియ్యి నాయనా" అన్నది. కొట్టులోని కుర్రవాడు అది ఏ జ్వరమని అడుగలేదు. కత్తెర తీసికొని, పట్టీలోనుండి రెండు బిళ్లలు కత్తిరించి చేతిలో పెట్టినాడు. ఆ ముక్కమీద నిలువుగా ఒక ఎర్రగీత ఉన్నది.

ఆ ఎర్రగీతకు అర్థమేమో మన విద్యార్థులలో చాలమందికి తెలియదు. వైద్యుని చీటీ లేనిదే వాడరాని మందు అని దాని భావము. 2016లో భారత ప్రభుత్వము ఈ గుర్తునుగూర్చి దేశమంతట ప్రచారము చేసినది. ముసలమ్మ కొనిన బిళ్ల డాక్సీసైక్లిన్ అనునది. 1967లో వాడుకలోనికి వచ్చిన ఈ మందు టెట్రాసైక్లిన్ కుటుంబములోనిది. ఆ కుటుంబమునకు పెద్ద ఆరియోమైసిన్. దాని పుట్టుకను వెదకుచు పోయినచో మనకు ఎదురగు మనిషి భీమవరములో పుట్టిన తెలుగువాడు. అందుచేత ఈ కథ మన ఇంటి కథ కూడ.

1923వ సంవత్సరమున రెండు సంగతులు జరిగినవి. విశాఖపట్టణములో వైద్యకళాశాల ఆరంభమైనది. అదియే నేటి ఆంధ్ర వైద్యకళాశాల. దానికి అనుబంధమైన కింగ్ జార్జి ఆసుపత్రికి ఈనాటికిని కంచరపాలెమునుండి రోగులు పోవుచుందురు. అదే సంవత్సరమున యల్లాప్రగడ సుబ్బారావు అను ఇరువదియెనిమిదేండ్ల యువకుడు ఓడనెక్కి అమెరికా చేరినాడు. 1895 జనవరి 12న పుట్టి, మద్రాసు వైద్యకళాశాలలో చదివి, ఖద్దరు కట్టినందుకు ఆంగ్లేయుడైన ఆచార్యుని ఆగ్రహమునకు పాత్రుడై, పూర్తి పట్టము బదులు తక్కువ పట్టముతో బయటపడిన మనిషి ఆయన. స్ప్రూ అను పేగుల వ్యాధి ఆయన సోదరులిద్దరిని బలిగొన్నది. ఆయనను కూడ పీడించినది. హార్వర్డులో ఫిస్కేతో కలిసి రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించినాడు. జీవరసాయన ప్రయోగశాలలలో నేటికిని ఫిస్కే-సుబ్బారో పద్ధతి అను మాట వినబడును. 1940లో న్యూయార్కు సమీపమున పెరల్ రివర్ అను ఊరిలోని లెడర్లీ ఔషధ పరిశోధనశాలలో చేరి, కొలదికాలములో అక్కడి పరిశోధనల కంతకును అధిపతి అయినాడు. ఫోలిక్ ఆమ్లము, బోదకాలు క్రిములపై పనిచేయు హెట్రజాన్, రక్తపు కాన్సరుపై తొలిసారిగా పనిచేసిన అమినాప్టెరిన్, ఈ మూడును ఆయన నడిపించిన బృందముల కృషి ఫలములే. అయితే వాటిని వదలి మనము మట్టి దగ్గరకు పోవలెను.

పెన్సిలిన్ వచ్చిన కొత్తలో అది సర్వరోగనివారిణి అని జనులు అనుకొన్నారు. నిజమునకు పెన్సిలిన్ కొన్ని జాతుల క్రిములనే చంపగలదు. టైఫస్ వంటి జ్వరములు దానికి లొంగవు. తరువాత వచ్చిన స్ట్రెప్టోమైసిన్‌ను సూదిద్వారా ఎక్కింపవలెను. అది ఒక్కొక్కప్పుడు చెవులకు హాని చేయును. నోటితో మ్రింగగల, అనేక జాతుల క్రిములను అణచగల మందు కావలసియుండెను. స్ట్రెప్టోమైసిన్ మట్టిలోని ఒక జీవినుండియే లభించినది గనుక లెడర్లీ వారు దేశము నలుమూలలనుండి మట్టిని తెప్పించి వడపోయనారంభించిరి. ఈ పని అప్పగింపబడినది బెంజమిన్ డగ్గర్ అను వృక్షశాస్త్రజ్ఞునకు. విశ్వవిద్యాలయమువారు వయస్సు మీరినదని విశ్రాంతి ఇచ్చి పంపిన ఆచార్యుడాయన. సుబ్బారావు ఆయనకు ప్రయోగశాలను, సహాయకులను ఇచ్చినాడు. 1945లో మిసోరీ విశ్వవిద్యాలయపు సాన్‌బర్న్ పొలమునుండి ఒక స్నేహితుడు పంపిన మట్టిలో డగ్గర్‌కు బంగారు వన్నెగల ఒక జీవి దొరికినది. దానికి స్ట్రెప్టోమైసిస్ ఆరియోఫేసియన్స్ అని పేరు పెట్టినారు. లాటిన్ భాషలో ఆరమ్ అనగా బంగారము. అది స్రవించు పసుపుపచ్చని పదార్థమే ఆరియోమైసిన్.

మనుష్యులపై దీనిని మొదట ప్రయోగించినది హార్లెమ్ ఆసుపత్రిలో శస్త్రవైద్యుడు లూయీ రైట్. నల్లజాతివారికి పెద్ద ఆసుపత్రులలో ఉద్యోగములే దొరకని ఆ కాలములో ఆయన శస్త్రవైద్య విభాగమునకు అధిపతి. 1948 జూలైలో న్యూయార్కులో జరిగిన శాస్త్రజ్ఞుల సభలో ఈ మందు లోకమునకు వెల్లడి చేయబడినది. తరువాత మూడువారములైనను గడువకముందే, ఆగస్టు నెలలో, సుబ్బారావు నిద్రలో మరణించినాడు. ఆయనకు అప్పుడు ఏబదిమూడేండ్లు. తన యింటి మందు లక్షలమందిని కాపాడుట ఆయన చూడలేదు. దానిని మనుష్యులు ఎట్లు పాడుచేసిరో అదియును చూడలేదు.

ఆ పాడుచేయుట కోళ్లగూటిలో మొదలైనదనుట చిత్రమే. అదే లెడర్లీలో థామస్ జూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు కోళ్ల మేతపై పరిశోధించుచుండిరి. వారికి బి-12 విటమిను కావలసియుండెను. ఆరియోమైసిన్ తీయగా మిగిలిన పిప్పిలో అది ఉండునని ఎరిగి, ఆ పిప్పిని కోడిపిల్లలకు పెట్టిరి. ఆ పిల్లలు విటమిను మాత్రమే తిన్న పిల్లలకంటె కూడ బలిసినవి. కారణము విటమిను కాదు. పిప్పిలో మిగిలియున్న ఆరియోమైసిన్. 1950లో ఈ సంగతి ప్రకటింపబడగానే పందుల, కోళ్ల, దూడల మేతలో ఈ మందు కలుపుట అమెరికాలో పెద్ద వ్యాపారమైనది. జబ్బులేని జంతువు ప్రతిదినము కొంచెము మందు తినుచుండును. ఇందులో ప్రమాదమేమున్నదని జూక్స్ చివరిదాక వాదించినాడు.

ప్రమాదము తెలియవలెనన్న మందు పనిచేయు తీరు తెలియవలెను. క్రిమి శరీరములో మాంసకృత్తులను తయారుచేయు చిన్న యంత్రములు వేలకొలదిగా ఉండును. వాటిని రైబోసోములు అందురు. టెట్రాసైక్లిన్ జాతి మందులు ఆ యంత్రమునకు అతుకుకొని పనిని నిలిపివేయును. క్రిమి చావదు గాని పెరుగలేదు. ఈలోగా మన శరీరములోని రక్షకదళము దానిని తుదముట్టించును. ఈ మందుకు లొంగని క్రిములు ముఖ్యముగా రెండు ఉపాయములు పన్నును. కొన్ని తమ పొరలో ఒక తోడుయంత్రమును అమర్చుకొని, లోపలికి వచ్చిన మందును వచ్చినట్లే బయటకు తోడిపోయును. ఓడలోనికి నీరు వచ్చుచుండగా పంపుతో తోడిపోసినట్లన్నమాట. మరికొన్ని తమ రైబోసోములకు ఒక కాపలా మాంసకృత్తును పెట్టి మందును అక్కడినుండి ఊడదీయును.

ఇక్కడ ఉపాధ్యాయులకు ఒక మనవి. 'నిరోధశక్తి' అను మాటను తరగతిలో రెండర్థములలో వాడుచున్నాము. టీకా వలన మనిషికి వచ్చునది ఒకటి. మందును ఓర్చుకొనుటకు క్రిమికి వచ్చునది వేరొకటి. "నా శరీరము మందుకు అలవాటు పడిపోయినది" అని పెద్దలు అనుట పిల్లలు వినుచుందురు. అలవాటు పడినది శరీరము కాదు, క్రిమి. ఈ ఒక్క భేదము స్పష్టమైనచో ఈ విషయములో సగము బోధపడినట్లే.

1953లో జపానులో జిగట విరేచనముల క్రిమి ఒకటి టెట్రాసైక్లిన్‌కు లొంగలేదు. 1955లో అట్టి క్రిమియే ఒకేసారి నాలుగు మందులకు లొంగనిదై కనబడినది. ఒక మందుకు లొంగకపోవుట యాదృచ్ఛికమైన మార్పువలన జరుగవచ్చును. నాలుగు మార్పులు ఒకే క్రిమిలో ఒకేసారి జరుగుట నమ్మదగిన సంగతి కాదు. 1959లో అకీబా, ఓచియాయి అను జపాను శాస్త్రజ్ఞులు ఎవరికివారు వేరువేరుగా దీని రహస్యము ఛేదించినారు. లొంగని క్రిమిని, పేగులలో నిరపాయముగా బ్రతుకు వేరొక జాతి క్రిమితో కలిపి ఉంచినచో ఆ విద్య మొత్తము దీనినుండి దానికి పోవుచున్నది! క్రిములు ఒకదానినొకటి తాకి, ప్లాస్మిడ్ అను చిన్న జన్యువలయమును అందించుకొనును. తండ్రినుండి కొడుకునకు వచ్చు ఆస్తివలె కాక, బడిలో ఒక కుర్రవాడి నోటుపుస్తకము చూచి అందరును వ్రాసుకొన్నట్లు ఇది వ్యాపించును. జాతిభేదము కూడ అడ్డుకాదు.

కోళ్లమేత సంగతిని 1976లో స్టువర్ట్ లెవీ అను వైద్యుడు ఒక పొలములో పరీక్షించి చూచినాడు. టెట్రాసైక్లిన్ జాతి మందు కలిపిన మేత తిన్న కోడిపిల్లల పేగులలోని క్రిములు ఒక్క వారములో దాదాపు అన్నియు మందుకు లొంగనివైనవి. ఆ మందును ముట్టనైనను ముట్టని పొలము యజమాని కుటుంబము మాటేమి? ఐదారు నెలలలో వారి పేగులలోను అవియే పెరిగినవి. వారి మలపరీక్షలలో నూటికి 31 చోట్ల, ఉన్న క్రిములలో ఐదింట నాలుగుపాళ్లకు పైగా లొంగనివే. ఇరుగుపొరుగువారిలో అట్టివి నూటికి 7 మాత్రమే.

ఇంతవరకు పొలము. ఆసుపత్రిలో ఏమి జరిగినదో చూతము. నా మట్టుకు నాకు ఈ కథలో అన్నిటికంటె నచ్చిన ఘట్టమిదియే. లండనులో హామర్‌స్మిత్ ఆసుపత్రిలో మేరీ బార్బర్ అను సూక్ష్మజీవశాస్త్రజ్ఞురాలు, గాయములను చీముపట్టించు స్టాఫిలోకాకస్ క్రిములలో పెన్సిలిన్‌కు లొంగనివి ఎన్ని అని లెక్కింపసాగినది. 1946లో నూటికి 14; 1947లో 38; 1948లో 59. పెన్సిలిన్ విరివిగా వాడుకలోనికి వచ్చి నాలుగేండ్లయినను కాలేదు! ఒక్కొక్క రోగి శరీరములో క్రిమి వేరుగా నేర్చుకొనుటవలన ఇట్లయినదా అని ఆమె పరిశీలించినది. కాదు. పెన్సిలిన్‌ను విరుచు రసమును తయారుచేయగల కొన్ని రకములు ఆసుపత్రిలో స్థిరపడి, మంచమునుండి మంచమునకు, చేతినుండి చేతికి పాకుచుండెను. మందు మిగిలినవాటిని చంపి వాటికి చోటు కల్పించుచుండెను. అనగా తప్పు రెండుచోట్ల ఉన్నది: వైద్యుని చీటీలో ఒకటి, కడుగని చేతులలో ఒకటి.

చేతుల పాఠము కొత్తది కాదు. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్, శవపరీక్ష గదినుండి వచ్చు వైద్యులు సున్నపు క్లోరైడు నీటితో చేతులు కడుగుకొన్న మాత్రాన బాలింతల మరణములు ఎంతో తగ్గినవని చూపినాడు. పెన్సిలిన్ వచ్చిన తరువాత ఆసుపత్రులు ఆ పాఠమును కొంత మరచినవి. చీము పట్టినచో సూదివేయవచ్చును గదా అను ధీమా! 1950 తరువాత అనేక దేశముల ఆసుపత్రులలో, ముఖ్యముగా పసికందుల వార్డులలో, స్టాఫిలోకాకస్ చెలరేగినది ఆ ధీమా చలవయే. బార్బర్ తన ఆసుపత్రిలో కఠినమైన కట్టుబాటు పెట్టించినది. పెన్సిలిన్ ఇష్టము వచ్చినట్లు వాడరాదు. అవసరమైన మందులను జంటలుగా ఇవ్వవలెను. వార్డులో ఒకరినుండి ఒకరికి అంటుకొనకుండ శుభ్రత పాటింపవలెను. 1960లో ఆమెయు, సహచరులును ప్రకటించిన నివేదికలో, అనేక మందులకు లొంగని క్రిములు ఆసుపత్రిలో తగ్గుముఖము పట్టినవని లెక్కలు ఉన్నవి. వాటికి మందు భయము పోగానే, మామూలు క్రిములే మరల చోటు ఆక్రమించుకొన్నవి. తోడుయంత్రమును మోయు ఓడ కొంత బరువెక్కును గదా. నీరు రాని సముద్రములో తేలిక ఓడయే ముందుపోవును. పోయినది తిరిగి రాబట్టవచ్చునని అంకెలతో చూపిన తొలి వైద్యులలో ఆమె ఒకతె. కొత్త మందు కనుగొన్నవారికి దక్కిన కీర్తిలో పదవపాలు కూడ ఆమెకు దక్కలేదు.

మన దేశమునకు వత్తము. టైఫాయిడునకు 1948 మొదలుకొని క్లోరాంఫెనికాల్ రామబాణము. 1972లో కేరళలోని కోళికోడులో ఆ మందుకు లొంగని టైఫాయిడు వచ్చినది. ఆ లొంగనితనము ఒక క్రిమినుండి మరొకదానికి అందింపదగినదని అక్కడి పరిశోధకులు నిరూపించినారు. తరువాత కొన్నేండ్లకు సిప్రోఫ్లాక్సాసిన్ అను కొత్త మందు ఆ స్థానమునకు వచ్చినది. ఈ మందే మనలను హైదరాబాదు ప్రక్కనున్న పటాన్‌చెరువునకు తీసికొనిపోవును. హైదరాబాదు చుట్టును ఔషధ కర్మాగారములు వెలిసి, లోకమునకు చవుకగా మందులు అందించినవి. ఇది గర్వింపదగిన సంగతియే. కాని 2007లో స్వీడను శాస్త్రజ్ఞుడు లార్సన్ బృందము, పటాన్‌చెరువు ప్రాంతములో సుమారు 90 కర్మాగారముల మురుగునీటిని శుద్ధిచేయు కేంద్రమునుండి బయటకు వచ్చు నీటిని పరీక్షించినది. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాములవరకు సిప్రోఫ్లాక్సాసిన్! మందు త్రాగిన రోగి రక్తములో ఉండుదానికంటె అది ఎక్కువ. ఒక్కదినమున ఆ నీటితో పోవుచున్న మందు సుమారు 45 కిలోలని వారు లెక్కకట్టినారు. తొంబది లక్షల జనముగల స్వీడను దేశమంతయు ఐదు దినములు వాడునంత! రోగి కడుపులోనికి ఎర్రగీత దాటి పోవలసిన మందు, వాగులోనికి ఏ గీతయు లేక పోవుచుండెను.

విశాఖపట్టణమువారు దీనిని దూరపు కథ అనుకొనరాదు. పరవాడలో ఔషధనగరము ఉన్నది. సముద్రతీరమంతట రొయ్యల చెరువులున్నవి. మందు అవశేషములున్నవని విదేశములు మన రొయ్యలను త్రిప్పిపంపిన సందర్భములు కలవు. కర్మాగారముల మురుగునీటిలో ఈ జాతి మందులు ఎంతవరకు ఉండవచ్చునో 2020లో కేంద్రప్రభుత్వము ఒక ముసాయిదాలో హద్దులు సూచించినది. 2021లో వెలువడిన తుది నియమములలో ఆ హద్దులు లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ఇందుకు ప్రత్యేకముగా మార్గదర్శకములు ప్రకటించినది. ఈ మూడు తేదీలను ప్రక్కప్రక్కన వ్రాసి చూచుకొన్నచో చాలును.

ఇప్పుడు చురుకైన విద్యార్థి ఒక ప్రశ్న వేయవచ్చును. తోడుయంత్రము, కాపలా మాంసకృత్తు, వీటిని క్రిములు 1948 తరువాత ఐదేండ్లలో ఎట్లు సృష్టించుకొన్నవి? సృష్టించుకొనలేదు. అవి అంతకు ముందే ఉన్నవి. ఉత్తర కెనడాలో ముప్పదివేల ఏండ్లుగా కరగని మంచునేలను త్రవ్వి, 2011లో శాస్త్రజ్ఞులు అందులోని జన్యుపదార్థమును చదివినారు. టెట్రాసైక్లిన్‌ను ఊడదీయు మాంసకృత్తు జన్యువు అందులో ఉన్నది! ఆలోచించినచో ఇది వింత కాదు. సాన్‌బర్న్ పొలపు మట్టిలో ఆరియోమైసిన్‌ను చేయు ఆ బంగారు జీవి, తన విషముతో తానే నశింపకుండ తనకు విరుగుడు తానే పెట్టుకొనియుండవలెను గదా! డగ్గర్ సీసాలోనికి వచ్చిన చెంచాడు మట్టిలో మందును, మందుకు లొంగనితనమును పక్కపక్కనే ఉన్నవి. నూబియా దేశములో పదునారువందల ఏండ్లనాటి ఎముకలలో కూడ టెట్రాసైక్లిన్ జాడ 1980లో కనబడినది. నిలువచేసిన ధాన్యమునుండి కాచిన పానీయములో ఆ జీవి పెరిగియుండునని ఊహ. ఇంత పాతది ఈ వ్యవహారము. మట్టిలో ఎక్కడో మూలనున్న విరుగుడును మనుష్యుల పేగులలోనికి, ఆసుపత్రి మంచములమీదికి ఏరి తెచ్చినది మాత్రము గడచిన డెబ్బదియెనిమిదేండ్ల వాడుక. 2019లో మందులకు లొంగని క్రిములవలననే మరణించినవారు ప్రపంచములో 12 లక్షల 70 వేలమంది అని ఒక పెద్ద గణన చెప్పుచున్నది.

నేటి ఆసుపత్రిలో చేయు పని బార్బర్ చేసినదే, కొంచెము విస్తరించినది. మందు మొదలుపెట్టకముందే రక్తమునో, చీమునో ప్రయోగశాలకు పంపుదురు. అక్కడ పళ్లెములో క్రిమిని పెంచి, దానిమీద ఒక్కొక్క మందులో తడిపిన చిన్న కాగితపు బిళ్లలను ఉంచుదురు. మరునాడు చూచినచో కొన్ని బిళ్లల చుట్టును క్రిములు పెరుగని వలయము ఉండును. ఆ వలయపు వెడల్పును కొలుచుదురు. కొన్ని బిళ్లల అంచువరకు క్రిములు దట్టముగా పెరిగియుండును. ఏడాది పొడుగున వచ్చిన ఫలితములను పట్టికగా కూర్చినచో, ఈ ఆసుపత్రిలో ఏ క్రిమికి ఏ మందు పనికివచ్చునో వైద్యునకు ముందుగానే తెలియును. 2013లో భారత వైద్య పరిశోధన మండలి ఇట్టి లెక్కలను దేశవ్యాప్తముగా సేకరించుటకు ఆసుపత్రుల జాలమును ఏర్పరచినది. ఇదిగాక చేతులు కడుగుట, గొట్టములను అవసరము తీరగానే తీసివేయుట, లొంగని క్రిములున్న రోగిని వేరుగా ఉంచుట. పత్రికలలో పెద్దగా వ్రాయదగిన విశేషములు కావివి.

మన పాఠ్యపుస్తకములలో "మందు చీటీ అంతయు పూర్తిచేయవలెను" అని ఒక వాక్యము ఉండును. క్షయకు అది అక్షరాల నిజము. నెలలకొలది, అనేక మందులు కలిపి వాడవలెను. కాని అనేక సాధారణ వ్యాధులలో తక్కువ దినములు చాలునని ఇటీవలి పరిశోధనలు తేల్చినవి. అవసరమునకు మించిన ప్రతిదినమును పేగులలోని క్రిములకు శిక్షణయే. కాబట్టి ఎన్ని దినములనునది రోగమునుబట్టి వైద్యుడు చెప్పవలసిన మాట. దుకాణములో కత్తెర చెప్పునది కాదు.

ఆ సాయంకాలపు జ్వరమునకు మరల వత్తము. కొండలు, పొదలు ఉన్న ఈ ప్రాంతములో స్క్రబ్ టైఫస్ అను జ్వరము కలదు. చిన్న నల్లి వంటి పురుగు కాటువలన వచ్చును, కుట్టినచోట ఒక్కొక్కప్పుడు నల్లని పక్కు కట్టును. ఆ జ్వరమే అయినచో డాక్సీసైక్లిన్ నిజముగా ప్రాణదాత. తగిన మోతాదులో ఇచ్చినచో రెండుమూడు దినములలోనే జ్వరము దిగును. మందు సాధారణముగా ఒక వారము వాడుదురు. డెంగీయో, మామూలు పడిసెపు జ్వరమో అయినచో ఆ బిళ్ల దానిని ఏమియు చేయలేదు. ఏది అనునది రక్తపరీక్షవలన తెలియును. ఆ పరీక్షకు ఒకపూట పని మానుకొని ఆసుపత్రి వరుసలో నిలువవలెను. ఒకపూట కూలి పోవును. ముసలమ్మకు అంత తీరికలేదు. బిళ్లలను కొంగున ముడివేసికొని, చీకటి పడుచున్నదని మెట్టు దిగి వెళ్లిపోయినది.